జ్వరముక్తుడు స్వస్థుడు కాడు

యథార్థవాది లోకవిరోధి అన్నారు పెద్దలు. ఆ విరోధానికి సిద్ధపడే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. మా టెక్కలి, పలాస ప్రాంతాలలోనూ, ఉద్దానం తీరంలోనూ ఒక దురాచారం వేళ్ళూనుకొంటున్నది. జ్వరం తగ్గిన మూడవనాడో నాల్గవనాడో ఒంటినొప్పులకు ఒక మాత్ర మింగి, బూట్లు బిగించి, పరుగు మొదలుపెట్టడం. దానికి పట్టుదల అని పేరు పెట్టుకోవడం. నేను దీనిని జూదమంటాను. మరొక చోట ఈ జూదంలో ఒడ్డేది కొన్ని వారాల సత్తువ కావచ్చు. ఉద్దానంలో ఒడ్డేది మూత్రపిండాలను.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. విరమణ తరువాత పరుగు అలవాటు చేసుకొన్నాను. నిరుడు భాద్రపదంలో వైరస్ జ్వరంతో తొమ్మిది రోజులు మంచం పట్టి, పన్నెండు వారాలకు మళ్ళీ నా పరుగులోకి వచ్చాను. ఇక్కడ తెల్లవారుజామున పరుగెత్తే కుర్రవాళ్ళలో చాలామందికి నేను గాని, నా తోటి ఉపాధ్యాయులు గాని అక్షరాలు దిద్దించినవారమే. ఆ చనువుతో మందలిస్తున్నాననుకోండి.

ముందుగా ఆ పిల్లల పక్షాన చెప్పవలసినది చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలో పరుగు కాలక్షేపం కోసం కాదు, కూటి కోసం. జాతీయ రహదారి 16 వెంబడి కాశీబుగ్గ మొదలు టెక్కలి దాకా, అక్కుపల్లి, భావనపాడు ఇసుక తీరాలలో, చీకటితోనే గుంపులుగా పరుగెత్తే పిల్లలు కనిపిస్తారు. వారిలో ఆడపిల్లలూ ఉన్నారు. సైన్యం ఎంపికలో 1.6 కిలోమీటర్ల పరుగును ఐదున్నర నిమిషాలలో ముగించినవానికే పూర్తి మార్కులు. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలోనూ 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఇచ్చేది నాలుగేళ్ళ కొలువే అయినా, దానికీ పోటీ తక్కువ లేదు. ఇరవై దాటిన ఒకటి రెండేళ్ళకే ఆ తలుపు మూసుకొంటుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసిన తరువాత, చెట్టును నమ్ముకొన్న ఇళ్ళలో సైతం పిల్లవాని ఉద్యోగమే ఆశ అయింది. కాబట్టి పది రోజులు పడుకోమంటే ఆ పిల్లవానికి పదేళ్ళు పోయినట్లుంటుంది. ఈ బాధ నాకు తెలుసు. తెలిసే వాదిస్తున్నాను.

"మాస్టారూ, జొరం ఒగ్గీసింది కదా, ఇంకేటి బెంగ?" అని అడిగాడొక శిష్యుడు. ఆ ప్రశ్నలోనే లోపమంతా ఉంది. జ్వరం విడవడం వేరు, బలం రావడం వేరు. మన భాషకు ఈ భేదం ఎప్పుడో తెలుసు. జ్వరం విడిచినవాడు జ్వరముక్తుడు. తనలో తాను నిలిచినవాడు స్వస్థుడు. మొదటివాడు రెండవవాడు కావడానికి నడుమ ఒక దారి ఉంది. ఆ దారి పేరే పథ్యం. పథం నుంచి పుట్టిన మాట అది. మన ఇళ్ళలో జ్వరం తగ్గిన వెంటనే విందు పెట్టేవారా? పలుచని జావ, ఆపై మెత్తని అన్నం, చారు. ఆ తరువాతనే అందరితో పాటు పంక్తి. అమ్మవారు పోసిన పిల్లవానిని తలంట్లు పోసేదాకా బడికి పంపేవారు కాదు. కడుపుకు పథ్యం పాటించిన జాతి కాళ్ళకూ గుండెకూ పథ్యం అక్కరలేదని ఎందుకనుకొంటున్నది?

చరక సంహిత చికిత్సాస్థానంలో జ్వరచికిత్స చెప్పిన అధ్యాయం ఉంది. జ్వరం విడిచినవాడు బలవంతుడయ్యేదాకా వ్యాయామమూ, సంభోగమూ, స్నానమూ, చంక్రమణమూ మానాలని అక్కడి విధి. చంక్రమణం అంటే అటూ ఇటూ నడవడం. నడకనే కాదన్న శాస్త్రం పరుగును గురించి ఏమంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి స్నాననిషేధాన్ని నేడు పాటించమని నేననను. గమనింపవలసినది మరొకటి. ఆ విధిలో ఇన్ని దినాలని లెక్క లేదు; బలం వచ్చేదాకా అని మాత్రమే ఉంది. మనవాళ్ళు దీనిని తలక్రిందులు చేశారు. పంచాంగం చూసి పరుగెత్తుతున్నారు, శరీరాన్ని చూసి కాదు. సుశ్రుతుడైతే ఆరోగ్యవంతుడు సైతం తన బలంలో సగమే వ్యాయామానికి వినియోగించాలన్నాడు. ఆరోగ్యవంతునికే సగం హద్దయితే, నిన్న మంచం దిగినవాని హద్దు ఎంత?

ఇక మా వృత్తి విద్య ఒకటి ఉంది, శబ్దం లోపలికి చూడడం. వ్యాయామంలోని ధాతువు 'యమ్'. సంయమం, నియమం, ప్రాణాయామం ఆ ధాతువు నుంచి పుట్టినవే. నిగ్రహించడం దాని అర్థాలలో ఒకటి. పగ్గం లేని శ్రమను ఏ పేరుతోనైనా పిలువవచ్చును గాని, వ్యాయామమని పిలవడం ధాతువును మరచిపోవడమే.

పాతకాలపు మాటలని త్రోసిపుచ్చేవారి కోసం నేటి వైద్యం చెప్పేదీ వినిపిస్తాను. కొన్ని వైరసులు గుండె కండరానికి వాపు తెస్తాయి. దానిని మయోకార్డైటిస్ అంటారు. పైకి ఆయాసమో, గుండెదడో, ఛాతీలో బరువో మాత్రమే కనిపించవచ్చు. ఒక్కొక్కప్పుడు అదీ కనిపించదు. ఆ దశలో తీవ్రంగా శ్రమిస్తే గుండె లయ తప్పి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ఈ జబ్బు నిర్ధారణ అయిన క్రీడాకారులను మూడు నుంచి ఆరు నెలలు పోటీలకు దూరంగా ఉంచడం వైద్యులు చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. కోవిడ్ నుంచి కోలుకొన్నవారి గురించి 2021 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన సూచన ఇది: లక్షణాలన్నీ పోయి కనీసం ఏడు రోజులు గడవాలి, ఆ తరువాత కనీసం రెండు వారాలు అతి తేలికైన శ్రమ మాత్రమే చేయాలి, ఆపైన మెట్టు మెట్టుగా పెంచాలి. మూడవనాడు రహదారి ఎక్కమని ఎవరూ చెప్పలేదు.

ఇంకొక మాట. వైరస్ జ్వరాల తరువాత కొందరికి నెలల తరబడి ఒక విచిత్రమైన అలసట పట్టుకొంటుంది. ఈ రోజు శ్రమిస్తే రేపో ఎల్లుండో కుప్పకూలుతారు. అటువంటి దీర్ఘకాలిక అలసట వ్యాధి ఉన్నవారికి శ్రమను నిర్ణీత క్రమంలో పెంచుకొంటూ పోవడమే చికిత్స అని ఒకప్పుడు చెప్పేవారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2021 అక్టోబరులో ఆ సలహాను ఉపసంహరించింది. అంటే "ఇంకొంచెం తోయి, అదే వస్తుంది" అన్న మాట అందరికీ వర్తించదని వైద్యలోకమే ఒప్పుకొన్నది. మన శిక్షకులకు మాత్రం ఆ మాటే ఇంకా మంత్రం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళలో దీపాలు ఆర్పిందో ఇక్కడివారికి నేను చెప్పాలా? దానికి కారణం ఇదమిత్థమని నిర్ధారణ కాలేదు. నీటిని అనుమానించారు, ఎండలో చెమటోడ్చే శ్రమను అనుమానించారు, అదుపు లేకుండా వాడే నొప్పి మాత్రలను అనుమానించారు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీలలోనూ ఇటువంటి వ్యాధే ఉన్నది. అక్కడ ఎండ దెబ్బనూ, నీరు చాలకపోవడాన్నీ ప్రధానంగా అనుమానిస్తున్నారు. అయితే నొప్పి మాత్ర మూత్రపిండాలను ఎలా దెబ్బతీస్తుందన్న దానిలో మాత్రం అనుమానమేమీ లేదు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం తగ్గకుండా, లోపలి రక్తనాళాలను తెరచి ఉంచే పదార్థాలను శరీరం తయారుచేసుకొంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సరిగ్గా ఆ పదార్థాలనే ఆపుతాయి. జ్వరంతో ఎండిన ఒళ్ళు, పరుగుతో కారే చెమట, వాటి మీద ఈ మాత్ర. మూడూ కలిస్తే ఏమవుతుందో ఎనిమిదవ తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

దీనికి పరీక్ష కూడా జరిగింది. సుదూర పరుగు పందేలలో 80 కిలోమీటర్ల దశలో కొందరికి ఐబుప్రొఫెన్, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఉత్త మాత్ర మింగినవారిలో నూటికి 34 మందికి, ఐబుప్రొఫెన్ మింగినవారిలో నూటికి 52 మందికి మూత్రపిండాల పనితీరు దెబ్బతిన్నది. వారంతా ఆరోగ్యవంతులు. మన పిల్లవాడు జ్వరముక్తుడు. పైగా పుట్టింది ఉద్దానంలో. ఇక ఆ జ్వరం డెంగీ అయితే ఈ మాత్రలు రక్తస్రావానికి కూడా దారితీయవచ్చునని వైద్యులు మొత్తుకొంటున్నారు. 2006 ప్రాంతంలో చికున్‌గున్యా రాష్ట్రమంతటా చెలరేగినప్పుడు కీళ్ళనొప్పులకు ఈ మాత్రలను పిప్పరమెంట్ల వలె మింగినవారిని నేను ఎరుగుదును. ఆ అలవాటు ఆ తరంతో పోలేదు, పిల్లలకు సంక్రమించింది.

ఇక ప్రతిపక్షుల వాదాలు మూడు.

"మా తాతలు జ్వరంతోనే నాగలి పట్టారు" అన్నది మొదటిది. పట్టారు, నిజమే. గతిలేక పట్టారు. పట్టి లేచినవారి కథలే మనం చెప్పుకొంటున్నాం. పట్టి ఒరిగినవారి కథలు చెప్పడానికి ఎవరూ మిగలలేదు. దైన్యాన్ని ధైర్యంగా చిత్రించి పిల్లలకు ఆదర్శమని చెప్పడం పెద్దరికం కాదు.

"పడుకొంటే ఉన్న సత్తువ కూడా పోతుంది" అన్నది రెండవది. ఇందులో సత్యం ఉన్నది, దానిని నేను దాచను. 1966లో అమెరికాలోని డల్లస్ నగరంలో ఇరవై ఏళ్ళ యువకులు ఐదుగురిని మూడు వారాలు మంచం మీదనే ఉంచి పరీక్షించారు. ప్రాణవాయువును వినియోగించుకొనే గరిష్ఠ సామర్థ్యం నాలుగో వంతుకు మించి తగ్గింది. కాని ఆ పరీక్షలో రెండవ సగం ఉంది. సుమారు రెండు నెలల సాధనతో పోయిన సామర్థ్యం తిరిగి వచ్చింది. ముప్పయ్యేళ్ళ తరువాత ఆ ఐదుగురినే మళ్ళీ పరీక్షించారు. మూడు వారాల మంచం చేసినంత కీడు ముప్పయ్యేళ్ళ వయసు చేయలేదని తేలింది. ఏభై ఏళ్ళ ప్రాయంలో ఉన్న ఆ మనుషులే ఆరు నెలల సాధనతో వయసు హరించిన సామర్థ్యాన్ని తిరిగి సంపాదించారు. దీని వల్ల తెలిసేదేమిటి? విశ్రాంతి వల్ల పోయేది తిరిగి వస్తుంది. వాచిన గుండెతో, ఎండిన మూత్రపిండాలతో పరుగెత్తినందువల్ల పోయేది తిరిగి వస్తుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. అదీగాక నేను చెప్పేది నెలల తరబడి మంచం మీద ఉండమని కాదు. లేచి మెల్లగా నడవమని.

ఈ పరీక్ష ఇంకొక జాతి వారికీ సమాధానమే. "ఈ వయసులో పరుగేమిటి మాస్టారూ, జ్వరం వచ్చిందిగా, ఇక కూర్చోండి" అని నన్ను మంచానికి కట్టివేయజూసిన హితైషులు ఉన్నారు. "పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్ళు త్రాగడం మేలు" అని సామెత కూడా వినిపించారు. నీళ్ళకే భయపడుతూ బ్రతికిన ఉద్దానంలో ఆ సామెత వినిపించడానికి వారికి నోరెలా వచ్చిందో! కూర్చోబెట్టేవారూ పొరబడుతున్నారు, పరుగెత్తించేవారూ పొరబడుతున్నారు. ఇద్దరికీ శరీరం చెప్పే మాట వినే ఓపిక లేదు.

"గడువు దగ్గరపడింది" అన్నది మూడవది. గట్టి వాదం ఇదొక్కటే. దీనికి నా సమాధానం లెక్క. మూడు వారాలు ఆగినవాడు మరి ఎనిమిది వారాలలో పూర్వస్థితికి రాగలడు. ఆగనివాడు తిరగబెట్టిన జబ్బుతో మూడు నెలలూ పోగొట్టుకోవచ్చు, ఉద్యోగమూ పోగొట్టుకోవచ్చు. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుళ్ళ ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆ ఎంపికలో పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత కొన్నాళ్ళు పరుగులు ఆపారు. ఆపడం ముందే తెలిసి ఉంటే ఆ తల్లుల కడుపుకోత తప్పేది. ఏ కొలువూ ఆ ధరకు కొనదగినది కాదు.

మరి ఎలా తిరిగి రావాలి? నేను చేసినది చెబుతాను. నా కొలతలు మీకు సరిపోవాలని లేదు, పద్ధతి సరిపోతుంది. జ్వరానికి ముందు ఉదయం మంచం మీద నా నాడి నిమిషానికి అరవై పైచిలుకు. జ్వరం విడిచిన నాడు ఎనభై రెండు. అది డెబ్బైకి దిగేదాకా ఇంటి పెరడు దాటలేదు. మూడవ వారంలో పావుగంట నడక. నడిచిన మరునాటి ఉదయం నాడి పదికి మించి పెరిగితే ఆ రోజు సెలవు. ఐదవ వారంలో ఒక నిమిషం పరుగు, మూడు నిమిషాల నడక. అదీ మాట తడబడకుండా పలుకగలిగినంత వేగంతోనే. వారానికొకసారి మాత్రమే కొంచెం పెంపు. చోడి అంబలి, కొబ్బరినీళ్ళు, కాచి చల్లార్చిన నీళ్ళు. నొప్పి మాత్ర ఒక్కటీ లేదు. ప్రారంభించే ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకొన్నాను. ఈ వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే ముదురుతుంది గనుక ఉద్దానంలో పరుగెత్తే ప్రతివాడూ ఈ పరీక్ష చేయించుకోవడం మంచిది. పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నీటిని ఉద్దానానికి తెచ్చే పథకమూ ఆనాడే ప్రారంభమైంది. ఇన్ని కోట్లు వెచ్చించి ఒక చేత్తో కాపాడుకొంటున్న దానిని, మరొక చేత్తో మాత్రల పట్టీ విప్పి పాడుచేసుకోవడం ఏం తెలివి?

ఛాతీలో నొప్పి, గుండెదడ, కళ్ళు తిరగడం, మునుపు లేని ఆయాసం, కాళ్ళవాపు, మూత్రం తగ్గడం లేదా ముదురు రంగులో రావడం: వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి వైద్యుని దగ్గరకు పోవలసిందే. ఇందులో పౌరుషానికి తావు లేదు.

చివరగా కొందరికి విన్నపాలు. శిక్షణ ఇచ్చే అయ్యలారా, హాజరు పట్టీ పక్కన జ్వరాల పట్టీ కూడా ఒకటి పెట్టండి. జ్వరం వచ్చినవానిని వైద్యుడు సరేననేదాకా వరుసలో నిలబెట్టకండి. మందుల దుకాణాల యజమానులారా, డైక్లోఫెనాక్ వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని మందని మీకు తెలుసు, తెలిసినదానిని పాటించండి. ఎంపికలు నిర్వహించే అధికారులారా, జబ్బుపడినట్లు ప్రభుత్వ వైద్యుడు ధ్రువీకరించిన అభ్యర్థికి ఆ ఎంపికలోనే మరొక తేదీ ఇవ్వండి. బడి పరీక్షలో తప్పినవానికి కూడా ప్రభుత్వం వెంటనే మరొక అవకాశమిస్తున్నది. దేశం కోసం పరుగెత్తేవానికి ఇవ్వలేదా? తల్లిదండ్రులారా, జ్వరం విడిచిన పిల్లవానికి అన్నంతో పాటు కొన్ని రోజుల వ్యవధి కూడా పెట్టండి.

కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామమూర్తి నాయుడు పుట్టినది మా వీరఘట్టంలోనే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి పెరిగినది మా ఆమదాలవలసలోనే. బలం విలువ తెలియని నేల కాదు ఇది. బరువులెత్తేవాడు నిన్నటి బరువు మీద రేపటి బరువు కొంచెమే వేస్తాడు. ఆ కొంచెం అనే మాటను పరుగెత్తే పిల్లలు కూడా నేర్చుకోవాలి. బలం వచ్చేదాకా ఆగండి నాయనలారా. వచ్చిన తరువాత మిమ్మల్ని ఆపమని ఎవరు చెప్పినా, మీ పక్షాన వాదించడానికి ఈ ముసలి పంతులు ఉన్నాడు.